అప్పగించాను అన్న మాట

అక్టోబరు 4, శనివారం. నీళ్లు తొమ్మిదో మెట్టు.

కొంగలు మళ్లీ సౌరపలకల మీదే రెట్టలు వేశాయి. కడిగేసరికి నడుం పట్టేసింది. పలకలు మురికిగా ఉంటే టోపీకి కరెంటు చాలదు. టోపీ పనిచెయ్యకపోతే ఈ స్వస్థత గదిలో నాకు ఊడ్చుకోవడం తప్ప వేరే పని లేదు. మనుషుల మెదడుకి చేసే వైద్యం కొంగల దయ మీద నడుస్తోందని రేడియోలో అంటే డాక్టరు వహీదా గారు చాలాసేపు నవ్వారు. ఆవిడ మెట్టమీద ఆసుపత్రిలో ఉంటారు. నేనిక్కడ మనిషికి టోపీ పెడతాను, ఆవిడ అక్కడ తెరమీద గీత చూస్తారు. ఏడేళ్లుగా ఇదే మా కాపురం.

పదిగంటలకి సంఘపెద్దలు పిలిచారు. మేమంతా ఉంటున్న ఈ మేడ, మా బేతేలు గట్టు, నీళ్లలో నిలబడింది పన్నెండు కాంక్రీటు కాళ్లమీద. అందులో సముద్రం వైపు కాలు ఒకటి నిలువునా చీలిందట. వచ్చే అమావాస్య పోటుకి ఆగదని ఇంజనీరు రాసిచ్చాడు. పదహారో తేదీకల్లా మూడు వందల పన్నెండు మందిమీ పడవలెక్కి మెట్టకి వెళ్లిపోవాలి. నాలుగు గంటల ప్రయాణం. దారంతా నీళ్లే.

పడవల జాబితా రాసే పని నాకు అంటగట్టారు. రాస్తూ రాస్తూ కెజియా పేరు దగ్గర ఆగిపోయాను.

కెజియా ఎనిమిదేళ్లుగా డాబా మీదే ఉంటుంది. సంచుల్లో గోంగూర, వంగ, టమాటా పెంచుతుంది. మేమందరం తినే కూర ఆమె చేతిదే. రెండో అంతస్తులో ఉన్న మందిరం దాకా వస్తుంది, కిటికీ లేని గోడ పక్కన కూర్చుంటుంది. అంతకన్నా ఒక్క మెట్టు కిందికి దిగదు. నీళ్లు కంటపడితే ఊపిరి అందక పడిపోతుంది. ఎనిమిదేళ్ల కిందటి ఉప్పెనలో ఆమె కూతురు హెప్సి పోయింది. అప్పటికి పిల్లకి ఆరేళ్లు.

కెజియా పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టాను.

అక్టోబరు 5, ఆదివారం. నీళ్లు తొమ్మిదో మెట్టు.

ఆరాధనలో, ప్రభువు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయానికి మా పాస్టరు ఫిలేమోను అయ్యగారు కెజియాని లేపారు. ఆమె సాక్ష్యం వింటే ప్రయాణానికి అందరికీ ధైర్యం వస్తుందని ఆయన ఉద్దేశం. ఆమె కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

"ప్రభువు నామములో అందరికీ వందనాలండి. ఉప్పెన రోజున నా బిడ్డ హెప్సిని ప్రభువు చేతికి అప్పగించాను. ఆయన నాకు సమాధానం ఇచ్చాడు. ఈ రోజు వరకు కాపాడాడు. సమస్త మహిమ ఆయనకే."

"స్తోత్రం" అన్నాం అందరం.

ప్రతి ఏడూ ఇవే మాటలు. 'సమాధానం' ముందు చిన్న విరామం ఇస్తుంది, అదీ మారదు. పిల్లలకి కూడా కంఠతా వచ్చేసింది. ఈ గట్టులో ఎవరు దుఃఖపడుతున్నా "కెజియాని చూసి నేర్చుకో" అంటారు. నేనూ అన్నాను, ఎన్నిసార్లో లెక్కలేదు.

ఆరాధన అయ్యాక కింద ఎవరి చేతిలోనో తాడు జారి బకెట్టు నీళ్లలో పడింది. దబ్బుమని ఒక్క చప్పుడు. చూసేసరికి కెజియా బల్ల కింద ఉంది. రెండు చేతులతో బల్లకాలు పట్టుకుంది. ఆ వేళ్లు విడదీయడానికి ముగ్గురం కావలసి వచ్చాం. ఆమె ముఖంలో ఆ సమాధానం, ఆ శాంతి, నాకు ఎక్కడా కనిపించలేదు.

అక్టోబరు 6, సోమవారం. నీళ్లు పదో మెట్టు.

ఏడేళ్లలో ఎన్నిసార్లు టోపీ పెట్టుకోమన్నా కెజియా ఒప్పుకోలేదు. "నాకు ప్రభువు సమాధానం ఇచ్చాడు కదక్కా, టోపీ దేనికి?" అనేది. మందిరంలో అంతమంది ముందు బాగైపోయానని చెప్పిన మనిషి మర్నాడు వైద్యానికి ఎలా వస్తుంది? ఇవాళ మాత్రం పడవ సంగతి చెప్పగానే మాట్లాడకుండా వచ్చి కూర్చుంది.

ఈ పుస్తకం నా తరవాత ఎవరి చేతిలో పడుతుందో, టోపీ సంగతి రాసిపెడతాను. పాత జ్ఞాపకాన్ని నిజంగా తలుచుకున్నప్పుడు అది అయిదారు గంటలపాటు కొత్తగా పోసిన సిమెంటులా పచ్చిగా ఉంటుంది. తరవాత మళ్లీ గట్టిపడుతుంది. పచ్చిగా ఉండగానే టోపీ అందులో భయాన్ని కొంత తగ్గిస్తుంది. జ్ఞాపకం పోదు. జరిగింది గుర్తుంటుంది, ఒళ్లు మాత్రం ప్రతిసారీ మళ్లీ మునగదు. తల లోపల బాదంగింజంత ముక్క ఒకటుంది, భయం గంట కొట్టేది అదే. జ్ఞాపకం తెరుచుకుంటే ఆ గంట మోగి, ఇక్కడ నా తెరమీదా అక్కడ డాక్టరు గారి తెరమీదా గీత ఎగిరిపడుతుంది. టోపీ లోపల తీగెలు గుచ్చుకుంటాయని పిల్లలు దీన్ని ముళ్లకిరీటం అంటారు, అయ్యగారికి వినపడకుండా.

కెజియా కళ్లు మూసుకుని చెప్పింది. ఉప్పెన రోజున నా బిడ్డ హెప్సిని ప్రభువు చేతికి అప్పగించాను. గీత కదల్లేదు. మూడుసార్లు చెప్పించాం. చాప పరిచినట్టు ఆ గీత పడుకునే ఉంది.

ఆమె వెళ్లాక డాక్టరు గారు రేడియోలో అన్నారు. "ఆవిడ చెప్తున్నది జ్ఞాపకం కాదండీ దొర్కమ్మగారూ, పాఠం. ఎన్నిసార్లు చెప్పించినా పాఠమే వస్తుంది. అసలు సంగతి దాని వెనక ఉంది."

"దాన్ని బయటికి రప్పించడం ఎలాగండీ?"

"ఆవిడ మొట్టమొదటిసారి ఏం చెప్పిందో ఎవరికైనా గుర్తుందా?"

అక్టోబరు 7, మంగళవారం. నీళ్లు పదో మెట్టు.

మత్తుసూది ఇచ్చి పడవలో పడుకోబెడదామని సంఘపెద్దలు అన్నారు. డాక్టరు గారు వద్దే వద్దన్నారు. పోయిన ఏడాది వేరే గట్టులో ఒకాయన్ని అలాగే తీసుకెళితే నడినీళ్లలో మెలకువ వచ్చి దూకేశాడట. మనిషి దొరకలేదు. "పోనీ కట్టేస్తే?" అన్న పెద్దాయన తనే తల దించేసుకున్నాడు. అంటే కెజియా మెలకువలో, తన కాళ్లతో తను పడవ ఎక్కాలి. లేదా ఈ గట్టుతోపాటు ఇక్కడే ఉండిపోవాలి.

మధ్యాహ్నం మందిరం బీరువాలో పాత సాక్ష్యాల పుస్తకం వెతికి తీశాను. ఎవరు సాక్ష్యం చెప్పినా వెంటనే అందులో రాసిపెట్టడం మా సంఘం ఆనవాయితీ. తడిసి ఆరిన కాగితాలు, ఒక్కొక్కటీ అప్పడంలా వంకరపోయింది. ఉప్పెన అయిన మూడోవారం పేజీలో కెజియా పేరు దొరికింది.

"ఉప్పెన రోజున నా బిడ్డ హెప్సిని వదిలేశాను." అందులో 'వదిలేశాను' మీద గీత కొట్టి ఉంది. దానిపైన, 'ప్రభువు చేతికి అప్పగించాను.' ఆ అక్షరాలు నావి.

అంతా గుర్తొచ్చింది. అప్పుడు మేం బడి మేడమీద తలదాచుకున్నాం. నేను ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషిని, ఎవరు తప్పు మాట్లాడినా సరిదిద్దకుండా ఉండలేను. కెజియా లేచి నిలబడి ఆ ఒక్క మాట అని ఆగిపోయింది. గది గదంతా బిగుసుకుపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె మోచెయ్యి పట్టుకుని చెవిలో అన్నాను, "అప్పగించాను అనమ్మా. ప్రభువు చేతికి అప్పగించాను అను." చిన్నపిల్ల పంతులమ్మని చూసినట్టు నన్ను చూసి, అలాగే అంది. జనం గట్టిగా స్తోత్రం అన్నారు. నేను ఆమెకి మేలు చేశాననుకున్నాను.

నాకు సిగ్గుగా ఉంది. ఇంతకన్నా రాయలేను.

అక్టోబరు 8, బుధవారం. నీళ్లు పదకొండో మెట్టు.

పుస్తకం తీసుకెళ్లి అయ్యగారికి చూపించాను. ఆయన తమ్ముడు కూడా ఆ ఉప్పెనలోనే పోయాడు. ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"ఆ రోజు ఆ గదిలో ఎవరి చేతిలోంచి ఎవరు పోలేదు చెప్పండి అక్కగారూ? వదిలేశాను అనే మాట విని తట్టుకోగలిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? మీరు మార్చకపోతే నేనే మార్చేవాణ్ని. ఆ మాట కావలసింది మనకి. ఆవిడకి కాదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"వెళ్లి చెప్పండి."

"మీరూ రండి."

"నేనొస్తే అలవాటుకొద్దీ ప్రార్థన మొదలెట్టేస్తాను. ఆవిడ మాట్లాడటానికి సందు ఉండదు. మీరొక్కరే వెళ్లండి" అన్నారు.

అక్టోబరు 9, గురువారం. నీళ్లు పన్నెండో మెట్టు.

డాబా ఎక్కేసరికి కెజియా విత్తనాలు కాగితం పొట్లాలు కడుతోంది. ప్రతి పొట్లంమీదా పేరు రాసింది. "ఇయ్యి నువ్వు పట్టుకెళ్లక్కా. గోంగూర మెట్టమీద బానే వస్తది. నీళ్లెక్కువ పొయ్యొద్దని చెప్పు" అంది. తను రావడం లేదన్నమాట. అంత మామూలుగా చెప్పింది.

నేను పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను. కొట్టేసిన మాటమీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"ఇది నేనన్నానా?"

"అన్నావు. నేను కొట్టేశాను. నీ చెవిలో వేరే మాట చెప్పింది కూడా నేనే. తప్పు చేశాను కెజియా."

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తరవాత లేచి నిలబడింది. ఆమెకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎనిమిదేళ్లు! దేవుడి మందిరంలో నిలబడి ప్రతిసారీ అబద్ధం చెప్తున్నానని నాకు తెలుసు. అబద్ధమాడుతున్నాను గాబట్టే ఈ భయం నన్నొదలట్లేదు, ఇది దేవుడేసిన శిక్ష అనుకున్నాను. ఎవరికి చెప్పుకోను? మీరందరూ నన్ను చూసి నేర్చుకుంటున్నారాయె! వెళ్లు. నువ్వు ముందిక్కణ్నించి వెళ్లు."

వెళ్లిపోయాను. మెట్లమీద కూర్చుని ఏడ్చాను. నా ఏడుపు ఈ పుస్తకంలో రాయదగ్గ విషయం కాదు, అయినా రాశాను.

అక్టోబరు 11, శనివారం. నీళ్లు పదమూడో మెట్టు.

మొదటి రెండు పడవలు బయలుదేరాయి. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, మేకలు. మేకల్ని ఎక్కించడానికి పట్టినంతసేపు మనుషులకి పట్టలేదు.

కెజియా కిందికి రాలేదు. అన్నం పంపితే తిని పళ్లెం కడిగి పంపింది, మాట మాత్రం పంపలేదు. ఆమెకి కోపంగా ఉందని డాక్టరు గారికి చెప్పాను. "మంచిదే, రెండు రోజులు అలా ఉండనివ్వండి" అన్నారు. మంచి ఎవరికో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. ప్రార్థనకి కూర్చున్నాను గాని నోట మాట రాలేదు. ప్రభువు ముందు నేను ఊరికే కూర్చోవడం ఇదే మొదలేమో.

అక్టోబరు 12, ఆదివారం. నీళ్లు పదమూడో మెట్టు.

ఈ గట్టుమీద చివరి ఆరాధన. కెజియా రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి, చేతుల నిండా మట్టితో, స్వస్థత గది గుమ్మంలో నిలబడింది.

"టోపీ పెట్టండి దొర్కమ్మగారూ" అంది. అక్కా అనలేదు.

కొంగల్ని తిట్టుకుంటూ పలకలు కడిగి వచ్చి టోపీ పెట్టాను. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. ఎదురుగా గోడని చూస్తూ చెప్పింది.

"మా ఇంటెనకాల కరెంటు స్తంభం ఉండేది. ఎడం చేత్తో అది పట్టుకున్నాను. కుడిచేత్తో హెప్సిని. 'అమ్మా, గట్టిగా పట్టుకో' అంది. పట్టుకున్నాను. ఇంకో అలొచ్చింది. అది పోయాక చూసుకుంటే నా రెండు చేతులూ స్తంభంమీదే ఉన్నాయి. పిల్ల జారిపోలేదండీ. నేను వదిలేశాను."

గీత ఎగిరింది. తెర పైఅంచు దాటిపోయింది. రేడియోలో డాక్టరు గారి గొంతు మెల్లిగా వచ్చింది. "తెరుచుకుంది. మొదలెడుతున్నాను. ఆవిడని చెప్పనివ్వండి. దయచేసి ఎవరూ ఏమీ సరిచెయ్యకండి."

ఆ చివరిమాట నాకే. అప్పటికే నా నాలుకమీద నాలుగు ఓదార్పు మాటలు సిద్ధంగా ఉన్నాయి. పళ్లు బిగించి కూర్చున్నాను.

కెజియా అదే ముక్క మళ్లీ మళ్లీ చెప్పింది. ఆరోసారికో ఏడోసారికో గీత ఎత్తు కొంచెం తగ్గింది. అప్పుడు అడిగింది, "డాక్టరమ్మగారూ, నేను కావాలనే వదిలేశానా?"

"మునిగిపోతున్నప్పుడు చెయ్యి మన మాట వినదమ్మా. మెదడు అడుగుభాగం మనల్ని అడక్కుండానే గట్టిగా దొరికినదాన్ని పట్టుకునేలా చేస్తుంది. మీరైనా అంతే, నేనైనా అంతే."

"అయినా చెయ్యి నాదే కదండీ."

డాక్టరు గారు "మీదే" అన్నారు. ఆ మనిషిమీద నాకు గౌరవం ఎంత పెరిగిందో చెప్పలేను.

ఎప్పుడొచ్చారో, అయ్యగారు గుమ్మంలో ఉన్నారు. ఇక స్తోత్రం అంటారనుకుని బెదిరిపోయాను. ఆయన చెప్పులు విప్పి వచ్చి నేలమీద కూర్చున్నారు.

"అయ్యగారూ, మందిరంలో అబద్ధం చెప్పాను" అంది కెజియా.

"మేం చెప్పించాం తల్లీ. ఆ పాపం మాది."

ఆమె తన మట్టిచేతుల్ని చూసుకుంటోంది. అయ్యగారు, ప్రసంగం గొంతుతో కాదు, మామూలు గొంతుతో అన్నారు. "ప్రభువు లేచిన తరవాత కూడా చేతుల గాయాలు తీసేసుకోలేదమ్మా. కావాలంటే తీసేసుకోగలడు. అలాగే ఉంచుకుని తనవాళ్లకి చూపించాడు. ఆయన దగ్గర నువ్వు చేతులు దాచుకోనక్కర్లేదు."

అప్పుడు ఏడ్చింది కెజియా. ఎనిమిదేళ్లలో ఆమె కంట నీరు చూడటం నాకదే మొదటిసారి. ఒళ్లు కుదిపేసేంత ఏడుపు.

"ఆపకండి" అన్నారు డాక్టరు గారు. "గట్టిపడేదాకా ఎవరో ఒకరు పక్కనే ఉండండి. పచ్చిగా ఉన్న జ్ఞాపకంలో పక్కనున్న మనుషులు కూడా కలుస్తారు."

సాయంత్రం దాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. కెజియా ఆకలేస్తోందంటే గోంగూర అన్నం కలిపి ఇచ్చాను. కారం తక్కువైందంది.

అక్టోబరు 14, మంగళవారం. నీళ్లు పద్నాలుగో మెట్టు.

నిన్న ఇంకోసారి టోపీ పెట్టాం. గీత లేచింది గాని అంచు దాటలేదు. తరవాత కెజియా మొదటి అంతస్తు దాకా దిగింది. ఇవాళ నీళ్లు కనిపించే మెట్టు దాకా వచ్చి, గోడ పట్టుకుని, వంద లెక్కపెట్టి, పైకి పరుగెత్తింది. సాయంత్రం రెండు వందలు లెక్కపెట్టింది. ఇంకా ఒణుకుతోంది. ఒణుకుతూనే నిలబడుతోంది.

ఇంకా దొర్కమ్మగారూ అనే అంటోంది. ఆ 'గారు' విన్న ప్రతిసారీ నాకు మోచేత్తో పొడిచినట్టుంటుంది. అడిగే హక్కు నాకు లేదు.

రేపు పోటు ఇంకా పెరుగుతుంది. చీలిన కాలినుంచి పెచ్చులు రాలడం వంటగదిలోకి వినిపిస్తోంది.

అక్టోబరు 16, గురువారం. మెట్టమీద రాస్తున్నాను.

పొద్దున నీళ్లు పదహారో మెట్టు దాకా వచ్చాయి. ఆఖరి పడవలో పద్నాలుగు మందిమి. అందరూ ఎక్కాక కెజియా దిగింది. నీళ్లకి రెండు మెట్ల పైన ఆగిపోయి వాంతి చేసుకుంది. ఆమె మణికట్టుకి కట్టిన, గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే పట్టీ నూట నలభై ఆరు చూపిస్తోంది. పడవాయన, "అమ్మా, పోటు తిరిగితే కష్టమమ్మా, తొరగా రావాల" అన్నాడు. నేను చెయ్యి చాపాను. నా చేతిని చూసి "వద్దు" అంది. కమ్మీ పట్టుకుని తనే దిగింది. పడవ అంచు దాటి లోపలికి అడుగు పెట్టింది. నా పక్కన ఖాళీ ఉన్న చోట కూర్చుని రెండు చేతులతో చెక్క పట్టుకుంది.

గంట ప్రయాణం అయ్యాక మా పాతూరు ఉన్న చోటికి వచ్చాం. చూడటానికి ఏమీ లేదు. నీళ్లలోంచి రెండు కరెంటు స్తంభాల కొసలు పైకి ఉన్నాయి, వాటిమీద కాకులు. కెజియా పడవాయన్ని నెమ్మదిగా పోనివ్వమంది. ఆయన ఇంజను ఆపేశాడు.

"హెప్సీ" అని పిలిచింది. అన్నానికి పిల్లల్ని పిలిచే పిలుపు అది, గట్టిగా, కొంచెం సాగదీసి. కాకులు లేచాయి. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. మళ్లీ ఇంజను వేశాక ఆమె నావైపు తిరక్కుండానే మాట్లాడింది.

"ఆ రోజు మీరు ఆ మాట ఇయ్యకపోతే నేను బడి మేడమీంచి దూకేసేదాన్ని. అప్పటికి మనసులో అనేసుకున్నాను. అప్పగించానని అన్నాక, దూకాలనిపించలేదు. అదీ నిజమే. మీ పుస్తకంలో అది కూడా రాయండి."

"రాస్తాను."

"క్షమించేశానని కాదు. నిజం గాబట్టి రాయమంటున్నా."

రాశాను.

మూడో గంటలో గాలి లేచింది. పెద్ద అల ఒకటి పడవని పక్కకి వొంచింది, నీళ్లు లోపలికి కొట్టాయి. అందరం అరిచాం. ఆ కుదుపులో ఆమె కుడిచెయ్యి చెక్కని వదిలి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను చూడలేదు, తన చేతిని కూడా చూసుకోలేదు. వేళ్లు విరుగుతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. పడవ సర్దుకుంది, గాలి తగ్గింది, పక్కవాళ్లు తడిసిన మూటలు పిండుకుంటున్నారు. ఒడ్డు తగిలేదాకా ఆమె వదల్లేదు.